తలుపులమ్మ నవ్వనంది

పాలకొల్లు చేపల బజారులో తలుపులమ్మ కేకలు పెట్టదు. రెండో వరసలో, కుళాయికి దగ్గరగా కూర్చుంటుంది. ముందు కత్తిపీట, పక్కన గంప, తడి గోనెపట్టా మీద పరిచిన చేపలు. ఎవరైనా ఆగితే మొప్ప ఎత్తి ఎర్రగా ఉందని చూపిస్తుంది. అంతే. "అరిస్తే చేప తాజా అవుద్దేంటండి?" అంటుంది అడిగినవాళ్ళతో.

ఆమెకి నలభై ఆరేళ్ళు. నరసాపురం దిగువన, గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంది ఆమె పల్లె. భర్త చిట్టియ్య పడవ మీద వేటకి వెళ్తాడు. పొద్దున్నే ఒడ్డుకొచ్చిన సరుకు తీసుకుని ఆడవాళ్ళంతా కలిసి ఆటోలో పాలకొల్లు వస్తారు. వాళ్ళకి ఒక్కతే కూతురు, లక్ష్మీదుర్గ. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

నా పేరు హెలెన్. ఆ పల్లె పిల్లలు చదివే హైస్కూల్లో తెలుగు టీచర్ని. తలుపులమ్మతో నా పరిచయం చేపల బేరంతో మొదలవలేదు. నేను చేసిన ఒక తప్పుతో మొదలైంది.

లక్ష్మీదుర్గ ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూలు వార్షికోత్సవానికి నేనొక చిన్న నాటిక రాశాను. అందులో చేపలమ్మే మనిషి ఒకామె వస్తుంది. నడుం మీద చేతులు వేసుకుని అందరితో గొడవపడుతుంది, చీర మోకాళ్ళ పైకి దోపుకుంటుంది, తమలపాకు నములుతూ కన్ను గీటుతుంది. అలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. చిన్నప్పట్నుంచీ సినిమాల్లో చూశాను, అంతే. ఆ వేషానికి లక్ష్మీదుర్గని నిలబెట్టి, "నీకైతే మేకప్ కూడా అక్కర్లేదే" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు తల్లి వచ్చింది.

గంజి పెట్టిన చీర కట్టుకుని స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. కూర్చోమంటే కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"టీచరుగారండి, మా అమ్మాయి ఆ వేషం వెయ్యదండి."

"ఎందుకమ్మా? సరదాకే కదా!"

"ఎవరి సరదాకండి?"

 ఆమె గొంతులో కోపం లేదు. ఉండుంటే నాకు తేలికయ్యేది.

"మీరు ఎప్పుడైనా మా బజారుకి వచ్చారాండి? ఓసారి రండి. కొనకపోయినా పర్లేదు. ఓ పూట కూర్చుని చూడండి. అప్పుడు రాసుకోండి మీ నాటకం."

రెండో శనివారం వెళ్ళాను. తిరగేసిన ప్లాస్టిక్ ట్రే మీద కూర్చోబెట్టింది. ఏ ఇంట్లో బాలింత ఉందో ఆమెకి తెలుసు. పాలు పడతాయని వాళ్ళ కోసం సొరపిల్ల తీసి పక్కన పెట్టింది. షుగరున్న ముసలాయనకి ముళ్ళు తక్కువుండే ముక్కలు ఏరి ఇచ్చింది. మధ్యాహ్నం దాకా ఒక్క గొడవ జరగలేదు. గట్టిగా మాట వచ్చింది ఒక్కసారే, అదీ ఐసు తెచ్చేవాడితో. సోమవారం నాడు నాటిక చింపేసి, క్లాసు ముందు లక్ష్మీదుర్గకి క్షమాపణ చెప్పాను. నా ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పని అదే. ఆ తర్వాత మా ఇంట్లో చేప ఆమె దగ్గర కొనాల్సిందే.

మూడేళ్ళ కిందట ఆ పల్లెకి సినిమా షూటింగ్ వచ్చింది. షూటింగులకి మనుషుల్ని కుదిర్చే సామ్యేలు వచ్చి ఇరవై మంది ఆడవాళ్ళు కావాలన్నాడు. హీరోయిన్ది చేపలమ్మే అమ్మాయి పాత్రట. వాళ్ళలో ఒకరు ఆమెకి కత్తిపీట మీద ఎలా కూర్చోవాలో నేర్పాలన్నాడు. అందరూ తలుపులమ్మని చూపించారు.

మొదటి రోజు ఆడవాళ్ళంతా పెళ్ళికి వెళ్ళినట్టు మంచి చీరలు కట్టుకుని వెళ్ళారు. అక్కడ వాళ్ళకి చిరుగుల చీరలిచ్చి, మోకాళ్ళ దాకా కట్టుకోమన్నారు. హీరోయిన్ ఉత్తరాది అమ్మాయి, పాలలాంటి తెలుపు. అద్దం ముందు కూర్చోబెట్టి ఆమె ముఖానికీ మెడకీ చేతులకీ గోధుమరంగు పూస్తున్నారు. ఆ పని అయ్యాక మేకప్ మనిషి వీళ్ళ వైపు తిరిగాడు.

"మీరూ రండమ్మా. ఇంకొంచెం డల్ చెయ్యాలి."

"ఇంకెంత నలుపు కావాలండి మీకు?" అంది తలుపులమ్మ.

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. అసిస్టెంట్ డైరెక్టర్ వినీల పరుగెత్తుకొచ్చింది. రాజమండ్రి అమ్మాయి. సంగతి విని సిగ్గుపడి, వీళ్ళకి రంగు వద్దని పంపేసింది. చీరల విషయంలో మాత్రం ఆమె మాట చెల్లలేదు. తలుపులమ్మ ఒక్కతే తన చీరలోనే ఉండిపోయింది. ఎలాగూ నేర్పడానికి వచ్చిన మనిషే కదా అని ఊరుకున్నారు.

హీరోయిన్ పిల్ల చెడ్డది కాదు. కత్తిపీటకి భయపడుతూనే రెండు గంటలు కూర్చుంది. పొలుసు తీయడం వచ్చింది, ముక్క కోయడం రాలేదు. అందుకని దగ్గర్నుంచి తీసే షాట్లకి తలుపులమ్మ చేతుల్నే వాడుకున్నారు. పండుగప్పని తల వేరు చేసి, కడుపు చీల్చి, బూడిద రాసి కడిగే చేతులు ఆమెవి, ముఖం ఆ పిల్లది. సాయంత్రం ఆ పిల్ల చేతులు వాసన చూసుకుంటూ, ఇది ఎలా పోతుందని వినీల చేత అడిగించింది. చింతపండు రుద్దమని చెప్పింది తలుపులమ్మ. "మీకు పోతుందా?" అని మళ్ళీ అడిగించింది. "మాకు అది వాసనలా ఉండదమ్మా" అందిట.

మూడో రోజు హాస్యనటుడొచ్చాడు. సీను ఏంటంటే, అతను ముక్కు మూసుకుని బజారులోకి వస్తాడు. చేప ధర అడుగుతాడు. ఆ తర్వాత అదే గొంతుతో, అమ్మే మనిషి ధర ఎంత అని అడుగుతాడు. ఆ మాట ఉన్నదున్నట్టు నేనిక్కడ రాయను. దానికి ఆడవాళ్ళంతా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతూ కిలకిలా నవ్వాలి. ఆ రోజు తలుపులమ్మని కూడా ముందు వరసలో కూర్చోబెట్టారు.

"నేను నవ్వనండి" అంది.

డైరెక్టర్ నడివయసు మనిషి, మర్యాద తెలిసినవాడే. కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"అమ్మా, ఇది కామెడీ. జనం నవ్వుకోడానికి."

"జనాన్ని నవ్వుకోనివ్వండి. మమ్మల్నెందుకు నవ్వమంటన్నారండి?"

"మీరు నవ్వకపోతే అతనన్నది తప్పుగా కనపడుతుందమ్మా."

"ఆయ్. తప్పే కదండి మరి."

ఆయన వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుని, టేక్ అన్నాడు. పక్కనున్న మరిడమ్మ తలుపులమ్మకి అత్త వరస. మెల్లిగా మోచేత్తో పొడిచింది.

"మనకెందుకే? నవ్వేత్తే పోద్ది కదా."

"నువ్వు నవ్వితే నేనేం అనుకోనత్తా. నేను మాత్రం నవ్వను."

మొదటి టేక్‌లో పంతొమ్మిది మంది నవ్వారు. తలుపులమ్మ మాత్రం ఆ నటుడి కళ్ళలోకి సూటిగా చూస్తూ కూర్చుంది. కట్ అన్నారు. రెండోసారి తీసినప్పుడు ఇటు ముగ్గురు, అటు ఇద్దరు నవ్వడం మానేశారు. మూడోసారి ఎవరూ నవ్వలేదు. మరిడమ్మ చెంగు నోటి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది. ఇరవై మంది ఆడవాళ్ళు చేపల వెనకాల కూర్చుని కదలకుండా చూస్తుంటే ఆ నటుడు మాట సగంలో మింగేశాడు.

"సార్, వీళ్ళిలా చూస్తుంటే నాకు నోరు రావట్లేదు" అన్నాడు డైరెక్టర్‌తో.

ఆ మధ్యాహ్నమే వాళ్ళందర్నీ పంపేశారు. మర్నాడు వేరే ఊళ్ళనుంచి మనుషుల్ని తెచ్చి అదే సీను తీసుకున్నారు. ఇంకో మూడు రోజుల పని పోయింది. సామ్యేలు తలుపులమ్మ ఇంటి ముందు నిలబడి, "ఇంక మీ పల్లెకి ఏ కంపెనీనీ తీసుకురాను" అని అరిచి వెళ్ళాడు. ఊళ్ళో కొందరు సణిగారు. చిట్టియ్య వల బాగుచేసుకుంటూ అడిగాడు.

"నువ్వు చేసింది తప్పని నేననను. పని పోయినోళ్ళకి ఏం చెప్తావ్ మరి?"

"పోయిందనే చెప్తాను. ఆ నవ్వు నవ్వి వచ్చుంటే మన లచ్చిందుర్గకి ఏం చెప్పాలో నాకు తెలీదు."

చెప్పినట్టే పని పోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెప్పింది. రెండిళ్ళలో ఆమెని లోపలికి రమ్మనలేదు.

మరుసటి వేసవిలో సినిమా వచ్చింది. పాలకొల్లులో మ్యాట్నీకి నేనూ, తల్లీకూతుళ్ళూ కలిసి వెళ్ళాం. గోడంత తెర మీద ఆమె చేతులు కనిపించాయి. వేలి మీద పాత కత్తిగాటుతో సహా. లక్ష్మీదుర్గ తల్లి చెయ్యి పట్టుకుంది. వెంటనే తెర మీదికి హీరోయిన్ ముఖం వచ్చింది. మరి కాసేపటికి ఆ సీను. ఎవరో తెలియని ఆడవాళ్ళు చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. హాలంతా నవ్వింది. నేను తల దించుకున్నాను. తలుపులమ్మ తెర వైపు చూడటం లేదు. వెనక్కి తిరిగి, నవ్వుతున్న ముఖాల్ని వరసగా చూస్తోంది.

"మన బజారుకొచ్చేవాళ్ళే చాలామంది ఉన్నారండి" అంది ఇంటర్వెల్లో.

ఆ నవ్వు బజారు దాకా వస్తుందేమోనని ఆమె భయపడిందే జరిగింది. రెండో రోజే ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపి, ముక్కు మూసుకుని, ఆ మాటే మరిడమ్మతో అన్నారు. మరిడమ్మకి అరవై ఏళ్ళు. తల వంచుకుంది. తలుపులమ్మ లేచి, తన చేపల మీద తడి గోనె కప్పేసింది. మరిడమ్మ చేపల మీద కూడా కప్పింది. పక్కనామె తనంతట తనే కప్పుకుంది. అలా వరసంతా మూతపడింది.

"ఈ బజార్లో ఇవాళ మీకు చేప లేదు బాబూ. వెళ్ళండి" అంది.

కుర్రాళ్ళు నవ్వుతూనే బండెక్కారు గానీ, బజార్లో ఎవరూ వాళ్ళతో కలిసి నవ్వలేదు. ఆ నెలంతా ఇలాంటివి చాలా జరిగాయి. ఎవరన్నా సరే, గోనె కప్పేయడమే. తిట్టడం లేదు, అరవడం లేదు.

అసలు పరీక్ష జగన్నాథరావుగారి వల్ల వచ్చింది. ఆయన రిటైరైన గుమాస్తా. పాతికేళ్ళుగా ఆదివారం ఆదివారం తలుపులమ్మ దగ్గరే, అంతకుముందు ఆమె అత్తగారి దగ్గరే కొన్న మనిషి. ఒక రోజు హుషారులో ఆయన కూడా ఆ మాట అనేశాడు. నేను అక్కడే ఉన్నాను. తలుపులమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గోనె కప్పింది.

"ఏంటమ్మా, నేను నీ పాత బేరాన్ని! సినిమాలో మాట కదా అన్నాను."

"పాతవాళ్ళు కాబట్టే ఎక్కువ తగిలిందండి. మీకూ లేదండి ఇవాళ."

ఆయన ముఖం ఎర్రబడింది. ఖాళీ సంచీతో వెళ్ళిపోయాడు. "పెద్దాయనండి, వదిలెయ్యాల్సింది" అని ఒకరిద్దరు అన్నారు. తలుపులమ్మ ఒప్పుకోలేదు. కుర్రాళ్ళకో న్యాయం, పెద్దాయనకో న్యాయం అయితే రేపట్నుంచి గోనె కప్పినా ఎవరూ లెక్కచెయ్యరంది. అయినా ఆ రోజంతా ఆమె మనసు బాగాలేదు. చిల్లర లెక్కలో రెండుసార్లు పొరపాటు పడింది.

రెండు ఆదివారాలు ఆయన రాలేదు. మూడో ఆదివారం వచ్చి, గంప ముందు నిలబడ్డాడు. పక్కన భార్య సంపూర్ణమ్మగారు ఉన్నారు.

"ఆవేళ నేనన్నది బాగాలేదమ్మా. ఇంటికెళ్ళి ఈవిడతో చెప్తే, 'ఆ మాట నాతో ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా?' అంది."

తలుపులమ్మ లేచి నిలబడి దణ్ణం పెట్టింది. "చందువ బాగుందండి. చూడండి" అంది.

ఇంక ఏ కంపెనీనీ తీసుకురానన్న సామ్యేలు పోయిన చలికాలంలో మళ్ళీ వచ్చాడు. ఒక టీవీ సీరియల్‌కి సముద్రం ఒడ్డున పల్లె కావాలట, ఆడవాళ్ళు కావాలట. ఈసారి ఆడవాళ్ళే అడిగారు. మేం ఏం కట్టుకోవాలి, ఏం మాట్లాడాలి, మమ్మల్ని ఎవరేం అంటారు, ముందు కాగితం తెమ్మన్నారు. "ఇదెక్కడి చోద్యం, పెద్ద హీరోలే అడగరు" అని విసుక్కుని వెళ్ళాడు. నాలుగు రోజులకి మూడు కాగితాలు పట్టుకొచ్చాడు.

తుఫాను షెల్టర్ అరుగు మీద అందరూ కూర్చున్నారు. లక్ష్మీదుర్గ చదివింది. మొదటిది ఒడ్డున చేపలు వేలం వేసే సీను. ఫర్వాలేదన్నారు. రెండోది పిల్లల్ని బడికి పంపడం గురించి మాటలు. అదీ సరే. మూడో దాంట్లో పెద్దింటి అబ్బాయి చేపలమ్మే ముసలామె కూతుర్ని కోరుకుంటాడు. ఆ ముసలామె, పెద్దింటావిడ కాళ్ళ మీద పడి, నా కూతుర్ని మీ కోడలిగా చేసుకోమని ఏడుస్తుంది.

"మళ్ళీ చదువు" అంది తలుపులమ్మ. లక్ష్మీదుర్గ మళ్ళీ చదివింది.

అందరికన్నా ముందు మరిడమ్మ మాట్లాడింది. "కాళ్ళ మీద ఎందుకు పడాలంట? కోరుకున్నది ఆ అబ్బాయి కాదేంటి? నిలబడి అడిగితే నోరు పెగలదా?"

 తలుపులమ్మ ఇంకేమీ అనాల్సిన అవసరం లేకపోయింది. రెండు కాగితాలకి ఒప్పుకుని, మూడోది వెనక్కి ఇచ్చేశారు. సామ్యేలు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, ఎవరికో ఫోన్ చేస్తూ గట్టు మీదికి నడిచాడు. వారం తర్వాత వేరే కాగితం వచ్చింది. అందులో ముసలామె గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంది. ఆ వేషం మరిడమ్మ వేసింది, తన సొంత చీరలో.