బండ మీద ఉన్న మనిషిని పిలవకూడదు

మీర్‌పేటలో మేము కట్టుకుంటున్న ఇంట్లో మొన్న వంటగది గట్టుకు రాయి కోస్తున్నారు. తిరిగే చక్రం మీద ఒకతను నీళ్ళు పోస్తుంటే మేస్త్రీ పలకను కోస్తున్నాడు. ఉన్నట్టుండి ఒక వాసన లేచింది. ఎండకు కాగిన బండ మీద నాలుగు చినుకులు పడి ఆగిపోతే వస్తుందే, ఆ వాసన. నేను చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి, పలక దగ్గరికి వెళ్ళి, పిడికిలి మడిచి రెండు మూడు చోట్ల కొట్టి చెవి పెట్టాను. మేస్త్రీ చక్రం ఆపి, "ఏంది మేడం, కొబ్బరికాయ కొంటున్నవా?" అని నవ్వాడు. నవ్వాలనుకున్నాను, కానీ ఏడుపు తోసుకొచ్చింది. రాయిని కొట్టి వినడం నాకు నేర్పిన మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఆమె పేరు కొమురమ్మ. ఊరంతా కొమురవ్వ అనేది. ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్ళో, మా ఇంటికి గోడ అవతల ఇల్లు వాళ్ళది. కొడుకు అంజయ్య హయత్‌నగర్‌లో ఆటో నడిపేవాడు. కోడలు యాదమ్మ కూలికి పోయేది. కొమురవ్వ కూడా నాట్లకూ కలుపులకూ పోయేదే కానీ, వానలు తగ్గి సీతాఫలాల కాలం రాగానే ఆమెకు పొలం కనిపించేది కాదు, మనుషులు కనిపించేవారు కాదు, గుట్ట తప్ప. అప్పటికే అరవై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, చీర కాసెపోసి తెల్లవారగానే బయల్దేరేది. అందరూ గుట్ట ఇవతలి వైపు చెట్లు దులిపి వచ్చేవాళ్ళు. ఆమె మాత్రం అవతల ఉన్న లోయలోకి దిగి, ఒక్కొక్కటి పిడికెడు కాదు దోసెడు ఉండే కాయలు తెచ్చేది. ఆ లోయకు చుట్టుతిరిగి పోయే బాట ఒకప్పుడు ఉండేదట. రాళ్ళ క్వారీ పడి ఆ బాట పోయింది. ఇక మిగిలిన దారి వీపుబండ ఒక్కటే.

వీపుబండ గురించి చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. రెండు గుట్టలను కలుపుతూ ఒకే రాయి, నలభై యాభై అడుగులు వేస్తే దాటేంత పొడవు. వెడల్పు చాలాచోట్ల మంచమంత ఉంటుంది. నడిమధ్యలో మాత్రం పీట వెడల్పుకు సన్నబడుతుంది. కుడివైపు రాయి నిలువుగా తెగిపోయి, కింద తుమ్మచెట్ల తలలు కనిపిస్తాయి. ఎడమవైపు జారుడు. కొంత దూరం దిగాక ఆ జారుడు కూడా కంటికి కనబడకుండా వంగిపోతుంది. పట్టుకోవడానికి చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. పైన గాలి మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

నేను డిప్లొమా పూర్తిచేసి రెండేళ్ళు ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న కాలం అది. ఆదిభట్లకు పోయే కంపెనీ బస్సులు మా ఊరి మలుపు మీదుగానే పోయేవి. పొద్దున్నే వాటి హారన్ వినబడితే దుప్పటి ముఖం మీదికి లాక్కునేదాన్ని. ఎవరైనా పలకరిస్తే కసురుకునేదాన్ని. ఒకరోజు కొమురవ్వ నేరుగా మా ఇంట్లోకి వచ్చి నా దుప్పటి లాగేసింది.

"లే. ఇంట్ల పండుకుంటె కొలువు రాదు, నడుము నొప్పొస్తది. గుట్టకు నడువు."

"నాకు భయమవ్వా, నేను రాను."

"భయమున్నోల్లే మంచిగ ఎక్కుతరు. భయం లేనోల్లు మంచిగ పడుతరు. నడువు."

వీపుబండ మొదట్లో నా చెప్పులు విప్పించి, నా సంచిలోనే వేసి, సంచిని వీపుకు బిగించి కట్టింది. చేతులు రెండూ ఖాళీగా ఉండాలట. తర్వాత బండ మీద పిడికిలితో రెండు చోట్ల కొట్టింది. ఒకచోట గట్టిగా మోగింది, ఇంకోచోట బోలుగా. "ఇన్నవా? గిది గుట్టను పట్టుకోని ఉన్న రాయి. గది ఇడిసిపెట్టిన పెచ్చు. సూడనీకి రెండు ఒక్కతీరే ఉంటయి. బరువేసే ముందు కొట్టి ఇనాలె. గా నల్లచార సూడు, వాన నీళ్ళు పారిన జాడ, దాని మీద అడుగెయ్యకు, ఎండ కాలంల గూడ." ఇంకో మాట కూడా చెప్పింది, రెండు చేతులూ ఒక కాలూ కుదురుకున్నాకే రెండో కాలు కదపాలని. అంతే పాఠం. ఆ తర్వాత పెరట్లో నడిచినట్టు దాటిపోయి, అవతలి కొసన నాకు వీపు చూపిస్తూ కూర్చుంది.

నేను సన్నటి చోటు దాకా బాగానే వెళ్ళాను. అక్కడ కింద తుమ్మచెట్ల తలలు చూశాను. అక్కడే ఆగిపోయాను. ముందుకు పోలేను, వెనక్కి తిరగలేను. "అవ్వా" అన్నాను. పలకలేదు. మళ్ళీ అరిచాను. తల కూడా తిప్పలేదు. ఎంతసేపలా ఉన్నానో తెలియదు. చివరికి సిగ్గు వదిలేసి, గుర్రం ఎక్కినట్టు బండకు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుని, చేతులు ఊనుకుంటూ జరిగి జరిగి దాటాను. అవతలికి చేరగానే భయం పోయి కోపం వచ్చింది.

"నేను ఆడ చస్తుంటె ఒక్క మాట మాట్లాడవా? ఏం మనిషివవ్వా నువ్వు?"

ఆమె చల్లగా ఒక పండు విప్పి సగం నా చేతిలో పెట్టింది. "బండ మీద ఉన్నోల్లను పిలువొద్దు బిడ్డా. మాట్లాడియ్యొద్దు. పేరు చెవుల పడితె మెడ తిరుగుతది, మెడ తిరిగితె మడిమ తిరుగుతది. మా అమ్మ నాకు గిదే చెప్పింది. ఏమున్నా దాటినంక మాట్లాడుకోవాలె. కూసోని దాటినవని సిగ్గువడకు, నా మోకాల్లు నొచ్చిన్నాడు నేను గూడ గట్లనే దాటుత."

ఆ ఏడూ మరుసటి ఏడూ సీతాఫలాల కాలమంతా ఆమెతో తిరిగాను. ఒకసారి లోయకు పోతూ బండ మీద ఇక పది అడుగులే మిగిలి ఉండగా తుంపర మొదలైంది. ఆమె వెంటనే వెనక్కి తిరిగింది. ఇవతలికి వచ్చాక నేను గొణిగాను, పది అడుగులే కదా అని. "అటు దాటితె మల్ల తడిబండ మీదికెల్లే రావాలె. గా పది అడుగుల కాడనే మనిషికి తొందరైతది" అంది. ఖాళీ సంచులతో ఇంటికి వచ్చాం. దారిలో వాళ్ళూ వీళ్ళూ ఎగతాళి చేస్తే ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. నాకు మాత్రం ఆ రోజంతా ముఖం చిన్నబోయింది. నాలో ఎంత తొందర ఉందో నాకంటే ముందు ఆమెకే తెలుసు.

ఆ రెండో ఏడే ఆదిభట్లలో విమానాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చాను. జవాబు కోసం చూస్తున్నాను. లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు, బండ దగ్గరికి ఎక్కితే వస్తుంది. ఆ రోజు కాయలు నింపుకుని తిరిగి వస్తున్నాం. కొమురవ్వ ముందు దాటుతోంది, నేను లోయవైపు కొసన నా వంతు కోసం నిలబడ్డాను. ఆమె సన్నటి చోట ఉండగా నా చేతిలో ఫోన్ మోగింది. వచ్చిన సందేశం చదివాను. సెలెక్ట్ అయ్యాను. వచ్చే సోమవారం చేరాలి.

"అవ్వా! కొమురవ్వా! జాబొచ్చింది!" అని అరిచాను.

ఆమె తిరిగింది. ముఖంలో నవ్వు కూడా చూశాను. మరుక్షణం ఆమె మడమ నల్లచార మీద పడింది. అరుపు లేదు. జారుడు వైపుకు జారిపోయి, మనిషిన్నర లోతున మెట్టులా ఉన్నచోట, ఒక పొద మీద ఆగింది. సంచి ఊడి కాయలు ఇంకా కిందికి దొర్లుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

బండకు ముఖం పెట్టి, కొట్టి వింటూ, ఆమె దగ్గరికి ఎలా దిగానో నాకే తెలియదు. తుంటి విరిగిందని చూడగానే అర్థమైంది. కాలు వేరే వైపు తిరిగి ఉంది. నేను ఏడుస్తూ ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాను. ఆమె కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "కొలువు నిజంగనే వచ్చిందా?"

"అవ్వా, నేను పిల్చిన... నేనే..."

"నోర్మూసుకో. వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"ఇగ ఏడుపెందుకు? అంజిగానికి ఫోన్ జెయ్యి."

చేశాను. కానీ వాళ్ళకు ఈ దారి తెలియదు. ఊరివైపు కొసన నేను నిలబడి చూపిస్తే తప్ప దొరకదు. అంటే వీపుబండను ఒక్కదాన్నే దాటాలి. ఆమె నా మణికట్టు పట్టుకుంది. "ఉరుకకు. కూసోని దాటు. నీ కాలు గూడ ఇరిగితె నన్నెవరు మోస్తరు?" ఆ రోజు ప్రతి పట్టూ కొట్టి విన్నాను, కుదురుకున్నాకే కదిలాను. నా జీవితంలో ఏ పనీ అంత నెమ్మదిగా, అంత సరిగ్గా చేయలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె కూడా ఒక్క మూలుగు మూలగలేదు. తర్వాత తెలిసింది, నేను దాటేదాకా కొంగు నోట్లో కుక్కుకుందని.

అంజయ్యా మరో నలుగురూ తాళ్ళూ మంచమూ తెచ్చి ఆమెను దించారు. అందరి ముందూ కొమురవ్వే చెప్పింది, "నల్లచార మీద అడుగువడ్డది, జారిన" అని. నేను నోరు తెరవలేదు. ఆ మంచం వెనకే నడుస్తూ, ఊళ్ళోకి చేరాక చెబుదామనుకున్నాను. ఊళ్ళోకి చేరాక, దవాఖానలో చెబుదామనుకున్నాను. దవాఖానలో యాదమ్మ ముఖం చూసి రేపు చెబుదామనుకున్నాను. సోమవారం ఉద్యోగంలో చేరాను.

కొమురవ్వ మళ్ళీ నడవలేదు. మంచం నుంచి గడప దాకా కర్ర పట్టుకుని, ఇంకొకరి భుజం పట్టుకుని. ఏడేళ్ళు. ఆ ఇంకొకరు ఎప్పుడూ యాదమ్మే. స్నానం ఆమే, చీర కట్టడం ఆమే, ఎత్తడం దించడం ఆమే. కూలి పని మానుకుంది. నేను ఆదివారం ఆదివారం వెళ్ళేదాన్ని. పండ్లు తీసుకెళ్ళేదాన్ని, దవాఖానకు వెంట వెళ్ళేదాన్ని, ఇంత మంచి పిల్ల లేదని అంజయ్య అందరికీ చెబుతుంటే తల వంచుకునేదాన్ని. నేను వెళ్ళగానే కొమురవ్వ, "యాదీ, చాయ్ వట్టుకోని నువ్వు గూడ ఇట్ల వచ్చి కూసో" అని పిలిచేది. ముగ్గురం కూర్చునేవాళ్ళం. అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి యాదమ్మ వచ్చి కూర్చోగానే మాట ఆపేసేది. వయసు మీదపడి అలిసిపోతోంది అనుకునేదాన్ని. ఆ మౌనం ఎక్కువైతే నేనే ఏదో ఒకటి మాట్లాడి పూడ్చేసేదాన్ని. మా ఆఫీసు సంగతులు, బస్సు సంగతులు.

నిరుడు వానలు మొదలయ్యే ముందు ఆమె పోయింది. దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక, యాదమ్మ గిన్నెలు తోముతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా గొంతు నాకే వినబడనంత చిన్నగా చెప్పాను. "అక్కా, ఆ రోజు అవ్వ ఉట్టిగ జారలే. నేను పిల్చిన. బండ మీద ఉండంగ పేరు పెట్టి పిల్చిన."

యాదమ్మ చేయి ఆగలేదు. "ఎర్కనే" అంది.

ఆమె గిన్నె కడిగి బోర్లించి అప్పుడు నావైపు తిరిగింది. "దవాఖానల మూడోనాడే చెప్పింది నాకు. 'నన్ను ఎత్తి దించేదానివి నువ్వు, నీకు అబద్ధం జెప్పొద్దు' అన్నది. అంజయ్యకు చెప్పలే, నాకొక్కదానికే. 'పిల్లను అడుగకు, అదే చెప్తది' అన్నది. మస్తు కోపముండె నాకు. నువ్వు నా చేతి చాయ్ తాగుకుంట ఆఫీసు ముచ్చట్లు చెప్తుంటె, గా చాయ్ నీ నెత్తిన పోద్దామనిపించేది. నువ్వు పోయినంక అవ్వతోని కొట్లాడేదాన్ని. 'ఇయ్యాల గూడ చెప్పలేగా' అంటె, 'వచ్చే ఐతారం చెప్తదిలే' అనేది."

"ప్రతి వారమా?"

"ప్రతి వారం. అందుకే గదా నన్ను పిలిచి నీ ముంగట కూసోబెట్టేది."

ఆ మౌనం అలసట కాదని అప్పుడు తెలిసింది. నాకోసం ఆమె ఖాళీగా ఉంచిన జాగా అది. వారం వారం నేను దాన్ని బస్సు సంగతులతో నింపేశాను. యాదమ్మ కాళ్ళు పట్టుకున్నాను. ఆమె నన్ను లేపలేదు, కసరలేదు కూడా. కాసేపయ్యాక, "ఇగ లే, చెప్పినవ్ గద" అని మిగిలిన గిన్నెలు నావైపు తోసింది. ఇద్దరం తోమాం.

కంపెనీలో నా పని తయారైన భాగాలను పరీక్షించడం. ఇప్పుడు నా కింద కొత్తపిల్లలు నలుగురున్నారు. కొలత తప్పినప్పుడు వాళ్ళలో ఎవరో ఒకరు నా బల్ల దగ్గరికి వచ్చి, నోరు పెగలక, ఊరికే కాగితాలు సర్దుతూ నిలబడతారు. నేను కుర్చీ చూపించి ఊరుకుంటాను. మాటతో ఆ ఖాళీని పూడ్చను. పది నిమిషాలైనా సరే, వాళ్ళే చెబుతారు. నాకు ఓపిక ఎక్కువని ఆఫీసులో పేరు. అది నా గుణం కాదు, నేర్చుకున్నది. ఆ నేర్చుకోవడం కూడా ఆమె పోయాకే. ఒక్క ఆదివారం, ఏడేళ్ళలో ఏదో ఒక్క ఆదివారం నేను నోరు తెరిచి ఉంటే, మంచం మీది నుంచి ఆమె వినేది. నేను చెబుతానని చివరి వారం దాకా నమ్మింది. ఆ మాట వినకుండానే పోయింది.