కొంగులో మేకు

ఎనభైల నాటి మాట. బెంగళూరులో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తూ, ఐదో నెల కడుపుతో ధర్మపురి పక్కనున్న సోగత్తూరుకు, మా అమ్మ దగ్గరికి వచ్చాను. తిరిగి బయల్దేరుతుంటే అమ్మ నా కొంగులో ఇనుప మేకు పెట్టి గట్టిగా ముడేసింది.

"కడుపుతో ఉండే ఆడది ఇనుము లేకుండా గడప దాటగూడదు పాపా. కాన్పు అయ్యేదాకా విప్పొద్దు."

నాకు ఒళ్లు మండింది. మా దగ్గర పెద్ద అయస్కాంతం ఉందనీ, గదిలోకి తాళంచెవి కూడా తీసుకుపోకూడదనీ చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. చదువుకున్న నోరు ఊరుకుంటుందా? పాల మీద మీగడలాగా స్ఫటికంలో ఒక పలచటి పొర, అందులో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు. వాటిని అయస్కాంతం నడుమ, గడ్డకట్టించే చలిలో పెట్టి, కాస్తంత వేడి తగిలిస్తే ఎంత వెచ్చబడతాయో కొలుస్తాను. అయస్కాంతం బలం పెంచేకొద్దీ ఆ కొలత ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇదంతా గొప్పగా వివరించాను.

అమ్మ ఓపిగ్గా వినింది.

"కంటికి కనపడని వాటినే అంత ఆడించే కాంతం, కడుపులో బిడ్డను ఊరికే వదుల్తుందా?"

కొరివితో తల గోక్కున్నట్టయింది. నిజానికి ఆ భయం నాకూ ఉంది. మా ప్రయోగశాల పెద్దాయనను అడిగితే, "ఏమీ కాదనే అనుకుంటాను" అన్నారు. ఆ 'అనుకుంటాను' నన్ను నిద్రపోనివ్వలేదు. మళ్లీ అడగలేదు. అడిగితే నా పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ధర్మపురిలో బస్సెక్కింది మొదలు, కుదుపు వచ్చినప్పుడల్లా చెయ్యి కడుపు మీదికే పోయింది.

మర్నాడు అదే చీరతో ప్రయోగశాలకు పోయేసరికి అయస్కాంతం బలం పెంచేశారు. దాని పక్కనే కూర్చుని కొలత తీయాల్సింది నేను. గుమ్మంలో నిలబడి ముడి విప్పబోయాను. అమ్మ వేసిన ముడి, గోళ్లకు లొంగలేదు. దాంతో కుస్తీ పడుతూ, ఇనుము దాటకూడదని నేల మీద గీసిన పసుపు గీత మీదికి ఎప్పుడు వచ్చానో చూసుకోలేదు.

కొంగు చేతిలోంచి జారింది. కింద పడలేదు. మేకు దాన్ని అయస్కాంతం వైపు లాగి పట్టుకుంది.

అప్పుడే కడుపులో బిడ్డ కదిలింది. అదే మొదటిసారి.

సంతోషించాల్సిన క్షణం. కానీ, దాన్ని కదిలించింది ఏది?

"మేడమ్, అంతా సిద్ధం, రండి" అని లోపల్నుంచి పిలిచారు.

కొంగు లాక్కుని కడుపుకు అదుముకున్నాను. ఆ కొలత ఇంకొకరు తీశారు.