తుంగ తవ్వడం నేర్పిన ఈరమ్మ

నిన్న ఆసుపత్రి వెనక తోటమాలి నేల తవ్వుతుంటే తుంగ గడ్డ వాసన వచ్చింది. తడి మట్టిలో కాస్త కర్పూరం కలిపినట్టుండే ఆ ఘాటు తెలియనివాళ్లకు ఎవరో అగరొత్తి వెలిగించారని అనిపిస్తుంది. నేను మాత్రం చేతిలో ఫైలుతో అక్కడే నిలబడిపోయాను. ఈరమ్మ పెద్దమ్మ పోయి రెండేళ్లు దాటింది. ఆమె విషయంలో నేనేం చేశానో, చివర్లో ఆమె నాతో ఒక మాట ఏ మనసుతో అన్నదో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలి ఉంటే ఇది రాసేదాన్ని కాదేమో.

మాది రాయచూరు నుంచి లింగసూగూరు పోయే దారిలో కల్మల. ఈరమ్మ మాకు చుట్టం కాదు, రెండిళ్ల అవతలి మనిషి, కలుపు తీసే ఆడకూలీల గుంపుకు పెద్ద. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా దసరా సెలవుల్లో ఆ గుంపుతో పత్తి చేలకు వెళ్లేదాన్ని. ఆమె బుగ్గన తంబాకు, సున్నం ఉండ పెట్టుకుని అందరికంటే ముందు సాలులో కూర్చునేది. తుంగ తీయడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. ముందు పైన గడ్డి కోసేయాలి. ఎనిమిది రోజులు ఆగాలి. మళ్లీ ఎక్కడ మొలక లేస్తే అక్కడ కలుపు తీసే ఖుర్పి దించి, అడుగునున్న గడ్డను పెకలించాలి. ఇదంతా చాదస్తమని మిగతా గుంపులవాళ్లు నవ్వేవాళ్లు గానీ, తుంగ ముదిరిన చేనున్న రైతు మాత్రం ఈరమ్మ కోసమే వచ్చేవాడు.

రెండో విడతకు వెళ్లిన రోజు నాకు ఒళ్లు వంగలేదు. మొలకలు పైపైన కోసేసి, గడ్డలు తీశానని చెప్పాను. ఆమె సరేనంది. పది రోజుల తర్వాత మణికట్టు పట్టుకుని అదే చేనుకు తీసుకెళ్లింది. పత్తి మొక్కల మధ్య నేలంతా నల్లగా శుభ్రంగా ఉంటే నా రెండు సాళ్లలో మాత్రం తుంగ పచ్చగా నిగనిగలాడుతోంది.

"గడ్డ తీసిన అంటివి గద బిడ్డ," అంది. అంతే, తిట్టలేదు. కాస్త జరిగి, పక్కన నాకు చోటిచ్చి కూర్చోబెట్టి, మొదటి గడ్డను నాచేతనే తవ్వించి, చిదిమి ముక్కు దగ్గర పెట్టింది. పొద్దు వాలేదాకా ఇద్దరం ఆ రెండు సాళ్లూ తవ్వాం. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

తర్వాత నర్సు చదువు చదివి రాయచూరులోనే ఒక ఆసుపత్రిలో చేరాను. అక్కడ నోటి, గొంతు క్యాన్సర్లకు రెండు మందులు కలిపి ఇచ్చే పరిశోధన ఒకటి మొదలైంది. మందులు ఎలా వేసుకోవాలో రోగులకు చెప్పడం, వాళ్లు ఎలా వేసుకున్నారో రాసుకోవడం నా పని. గడ్డలో ఎక్కువ కణాలు మామూలు మందుకు చస్తాయట, కొన్ని మూలకణాలు మాత్రం నక్కి బతికిపోయి మళ్లీ గడ్డను పెంచుతాయట. అందుకే ఒక మందు పైకి కనిపించే గడ్డకు, ఇంకొకటి లోపల నక్కిన మూలకణాలకు, రెండూ ఒకే రోజు పడాలి, వాటికి దాక్కునే వ్యవధి ఇవ్వకూడదు. పరిశోధన నడిపే డాక్టరమ్మ ఇది చెబుతుంటే అందరూ రాసుకుంటున్నారు, నేను పైకే నవ్వేశాను. ఇది మా తుంగ కదా! ఆ రోజు నుంచి పల్లెల నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ తుంగ కథే చెప్పాను. తల ఊపేవాళ్లు. డాక్టరమ్మ మెచ్చుకుంది. నాకు కాస్త తలకెక్కింది కూడా.

అప్పుడు వచ్చింది ఈరమ్మ. బుగ్గలో పుండుకు ఎక్కడో ఆపరేషన్ అయింది, దవడ కింద మళ్లీ గడ్డ లేచింది. అన్నీ విని, పరిశోధనలో చేరతానని వేలిముద్ర వేసింది. ఆమె తుంగను ఆమెకే సంబరంగా అప్పజెప్పాను. తెల్ల బిళ్ల పైన గడ్డికి, ఎర్ర గోళీ కింద గడ్డకు అన్నాను.

"గింత చదివి నా పనే చేస్తున్నవేంది," అని సగం నోటితో నవ్వింది.

రెండూ రోజూ పొద్దున వేసుకోమని చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను. అప్పటికి ఆమె సంచి మూతి కట్టుకుంటోంది, బస్సు వేళయింది. కలిపి వేసుకోవాలన్న మాట నా నోట వచ్చిందో లేదో ఎన్నిసార్లు తలచుకున్నా ఒక్కో రోజు ఒక్కో విధంగా గుర్తొస్తుంది. కాగితంలో ఉంది నిజమే, ఆమెకు చదువు రాదు.

నెల తర్వాత వచ్చినప్పుడు గడ్డ బాగా తగ్గింది. మొహంలో కళ వచ్చింది. సంచిలోంచి పాత తంబాకు డబ్బీ తీసి నా ముందు పెట్టింది. మూత తీస్తే ఎర్ర గోళీలన్నీ అలాగే ఉన్నాయి.

"పైన గడ్డి పోయింది బిడ్డ. ఎనిమిది దినాలు ఆగి, మొలక జూసి, ఇగ గడ్డ మందు సురు జేస్త."

ఆమె తన పద్ధతి తాను తప్పలేదు. ఆ పద్ధతిని మందుకు అంటగట్టింది నేను.

అన్నీ డాక్టరమ్మకు చెప్పాను, తుంగ కథతో సహా. జరిగింది జరిగినట్టు రాయమంది ఆమె. రాశాను. ఆ రోజు నుంచి ఈరమ్మ రెండు మందులూ కలిపే వేసుకుంది. కొన్ని వారాలు బాగానే ఉంది. వానలు పడే నాటికి మెడ రెండో వైపు గడ్డ లేచింది. వృథాగా పోయిన ఆ నెల వల్లనేనా అని అడిగాను. చెప్పలేనంది డాక్టరమ్మ. రెండూ సరిగ్గా వేసుకున్నవాళ్లలోనూ కొందరికి తిరగబెట్టిందని, తెలియకనే కదా పరిశోధన చేస్తున్నామని అంది. ఆ జవాబు నన్ను ఏడవనీయలేదు, నెమ్మదిగానూ ఉండనీయలేదు.

చివరి రోజుల్లో ఈరమ్మ ఇంటికి వెళ్లాను. గొంతు దాదాపు పోయింది, వంగి చెవి పెడితే గానీ వినపడదు.

"నేను మందు తిన్నది తప్పయిందా బిడ్డ?"

"లేదు పెద్దమ్మ. మంచిగనే తింటివి," అన్నాను.

"గడ్డ తీసిన అంటివి గద," అంది. అని, కష్టం మీద జరిగి, మంచం మీద నాకు చోటిచ్చింది.

ఎత్తిపొడిచిందో, క్షమించిందో, మత్తులో పాత చేను గుర్తొచ్చిందో నాకు తెలియదు. కూర్చున్నాను. తప్పు నాదని అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. నాలుగు రోజులకు పోయింది.

కొన్నాళ్లు తుంగ కథ మానేశాను. మానేస్తే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మళ్లీ చెబుతున్నాను. కాకపోతే, రేపు పొద్దున ఏ మందు ఎలా వేసుకుంటావో వాళ్ల నోటితో నాకు చెప్పేదాకా ఎవరినీ బస్సెక్కనివ్వను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నిన్న ఆ వాసన దగ్గర నిలబడి, "తప్పు నాది పెద్దమ్మ," అని పైకే అనేశాను. తోటమాలి పార ఆపి, ఏమన్నారని అడిగాడు. ఏం లేదన్నాను.