లాగి చూసిన అతుకు

ఆ రోజుల్లో సూరత్‌లో ఒక మనిషి దగ్గితే నాలుగు తలుపులు మూసుకునేవి. అంతకు ముందు మా పాండేసరలో దగ్గును ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. రంగుల మిల్లుల పొగ, మగ్గాల నూగు కలిసి అందరి గొంతుల్లోనూ కాపురం పెట్టాయి కాబట్టి, దగ్గని వాళ్లనే ఏమైందని అడిగేవాళ్లం. కరోనా వచ్చి ఆ మర్యాదంతా తలకిందులు చేసింది. సరిగ్గా ఆ సమయం చూసుకుని నేను రోజంతా దగ్గు తెప్పించే పనిలో చేరాను. చేరడమే కాదు, నా చేతికున్న ఒక అలవాటును మానుకోమని మేస్త్రీ, సేఠ్, మా ఇంటాయన ముగ్గురూ చెప్పినా మానుకోలేదు. అప్పుడు సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడటం లేదు. (ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు నా మీద లేనిపోని ఆశలు ఉండవు.)

ఆ అలవాటు లాగి చూడటం. మాది మగ్గాల ఇల్లు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాత పోగుల చివరలకు ముడివేసి అతకాలి. వేల ముళ్లు. పదేళ్లప్పుడు నన్ను ఆ పనికి కూర్చోబెట్టి మా అమ్మ ఒక్కటే నేర్పింది: ముడి వేయగానే చిటికెన వేలితో ఒక్క లాగు లాగు, ఊడేదేదో నీ చేతిలోనే ఊడాలి, మగ్గం తిరిగేటప్పుడు కాదు. నాకు దక్కిన చదువు అదే. పెళ్లయి సూరత్ వచ్చాక కూడా ఇరవై ఏళ్లు నా చేయి ఆ చదువే చదివింది. నిద్రలో దుప్పటి అంచు కూడా లాగి చూస్తానని మా ఆయన అంటాడు. ఆయన మాటలు సగమే నమ్మాలి.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. సడలించాక కూడా సగమే తిరిగాయి. మా ఆయన సంచులు సర్దేశాడు.

"ఊరికి పోదాం పా. ఈడ ఏమున్నది?"

"ఆడ మాత్రం ఏమున్నది? మీ అన్న ఇంట్ల అటక మీద పండుకుందామా?"

"గట్ల కాదే..."

"గట్లనే. నేనైతే రాను. నువ్వు పోతే నీ సంచి తీస్కపో."

అనడానికి అనేశాను గానీ, ఇక్కడ ఉండాలంటే చేతిలో పని ఉండాలి కదా. దారి చూపించింది మా ఆడబిడ్డ కూతురు, నాకు కోడలు వరస. సూరత్‌లోనే పుట్టి పెరిగిన ఆ పిల్ల ఒక్క మాటలో మూడు భాషలు కలిపేస్తుంది. తపతి నది అవతల అమ్రోలిలో ఒక చిన్న కార్ఖానాలో పనిచేసేది. పోగు తెగగానే మగ్గం దానంతట అదే ఆగిపోవడానికి మగ్గానికి ఒక కార్డు బిగిస్తారు. అరచేతంత పలక, దాని మీద బియ్యపు గింజల్లాంటి సామాన్లు. వాటి సన్నటి కాళ్లను వేడి సీసంతో పలకకు అతకాలి. ఆ పని చేసేవాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయారట. "అత్తా, నీ హాత్ ఏక్‌దమ్ సీదా ఉంటది, జరంత గూడ వణుకది. చలో నాతోని," అంది.

కార్ఖానా సేఠ్ మాస్కును ముక్కు కిందికి జార్చి నన్ను పరీక్షగా చూసి "ఆఠ్ దిన్" అన్నాడు. ఎనిమిది రోజుల్లో పనికొస్తే కుర్చీ నాది, లేకపోతే మా ఆయన సంచుల పక్కన నా సంచి. నాకు పని నేర్పాల్సిన మేస్త్రీ మెట్‌పల్లి వైపు మనిషే, మా వాళ్లే. ఎప్పుడో మగ్గం వదిలి ఈ పనిలోకి వచ్చాడు. ముక్కు మీద ఒక జత, నుదుటి మీద ఒక జత కళ్లద్దాలు ఉండేవి కాబట్టి అద్దాలన్న అనేవాళ్లం. మగ్గం పేరెత్తితే ఆయనకు పాత బాకీవాడు ఎదురైనట్టు ఉండేది. మొదటి రోజే చెప్పాడు: "ఇది ఎలక్ట్రానిక్స్ చెల్లె. పోగు బుద్ధులు గడప అవుతల ఇడిసి రా."

ఆ పని చేయాలంటే ఒక చేత్తో కాలే కడ్డీ పట్టుకోవాలి, ఇంకో చేత్తో సీసం తీగ పట్టుకోవాలి, సామాను కదలకుండా ఇంకో చేత్తో అదిమి ఉంచాలి. "మూడో చెయ్యి ఏదన్నా?" అని అడిగాను. "అందరికి రెండే ఉన్నయి. అందరు చేస్తనే ఉన్నరు," అన్నాడు. కరిగిన సీసం అతకాల్సిన చోట తప్ప అన్నిచోట్లా అతుక్కునేది. ఉండలు కట్టి ఒళ్లో పడి చీరకు చిల్లులు పెట్టేది. గుగ్గిలం వాసన వేసే పేస్టు పొగ మాస్కు కింద దూరి బయటికి దారి తెలియక అక్కడే తిరిగేది. సాయంత్రం ఎర్రబడ్డ కళ్లతో, ఆగని దగ్గుతో గల్లీలోకి వస్తుంటే తలుపుల వెనక నుంచి పలకరింపులు.

"ఏంది వదినా, పాణం మంచిగ లేదా?"

"పాణం మంచిగనే ఉన్నది, పనే మంచిగ లేదు!" అని గట్టిగా అరిచి, ఇంకా గట్టిగా దగ్గేదాన్ని. మా ఆయన చాయ్ గ్లాసును చీపురు కట్టతో నా వైపు జరిపేవాడు. ఆ పేస్టు వల్ల ఒక లాభం మాత్రం ఉంది. రోజూ పొద్దున డబ్బా మూత తీసి అందరం వంతులవారీగా వాసన చూసేవాళ్లం. వాసన తెలిస్తే రోగం లేనట్టు. సేఠ్ కూడా చేతులు కట్టుకుని ఆ వరసలో నిలబడేవాడు, ప్రసాదానికి నిలబడినట్టు.

సామాన్ల మీది రంగు గీతలు నన్ను ఇబ్బంది పెట్టలేదు. చీరల అంచుల్లాగా గుర్తుపెట్టుకున్నాను. పలక మీద అచ్చువేసిన అక్షరాలే ఇబ్బంది. మా కోడలుపిల్ల ఒక్కొక్కటి చూపించింది. R అంటే కాలు చాపుకుని నిలబడ్డ మనిషి, C అంటే కొరికిన రొట్టె. (అ, ఆలు నా దగ్గరికి ఆ తర్వాత రెండేళ్లకు వచ్చాయి. ఆలస్యమైనందుకు నేనేమీ అనలేదు.)

మూడో రోజు ఒక అతుకు కుదిరింది. కడ్డీ తాకించి, తీగ ఆనించగానే సీసం నీళ్లలా కరిగి, కాలు చుట్టూ గుండ్రంగా పాకి, తళుక్కున మెరిసింది. గంజి తాగిన పోగులా నిండుగా ఉంది. అంత పెద్ద ఆనందం అంత చిన్న చోట పడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ ఆనందంలో నా చిటికెన వేలు దాని పని అది చేసింది. లాగింది. ఇంకా గట్టిపడని అతుకు ఊడి చేతికొచ్చింది. ఆ రోజు పది కార్డుల్లో ఏడింటిని అలాగే ఊడబీకాను.

"లాగకు అంటే లాగుతవేంది? ఇదేమన్న దారమా? మెరిసిందా లేదా, గంతే చూడాలె!" అని అద్దాలన్న కేకలు.

"లాగకుంటే పట్టిందని ఎట్ల తెలుస్తదన్నా?"

"నేను చెప్తున్న గద!"

"నువ్వు చెప్తే నాకు తెలుస్తది. మగ్గానికి ఎట్ల తెలుస్తది?"

కార్ఖానా అంతా నవ్వింది. సేఠ్ ఆ రోజే నాకు 'ఖేంచ్ బెన్' అని పేరు పెట్టాడు, లాగే అక్క అని. నేను ఒక్క విషయంలోనే దిగివచ్చాను. సీసం చల్లారేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాతే లాగేదాన్ని. లాగడం మాత్రం మానలేదు.

ఎనిమిదో రోజు సేఠ్ నా కార్డులు చూడాల్సి ఉంది. అదే పొద్దున పాండేసర మగ్గాల షెడ్డు నుంచి ఒక సంచి నిండా కార్డులు తిరిగి వచ్చాయి. పోగు తెగకపోయినా మగ్గాలు ఆగిపోతున్నాయని ఫిర్యాదు. అవన్నీ అద్దాలన్న తన చేత్తో చేసినవి. ఆయన ఒక్కొక్కటి బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చి చూపించాడు. అన్నీ పనిచేశాయి. "చూసిండ్రా? కార్డు మంచిగున్నది. మగ్గమోల్లకే బుద్ధి లేదు," అన్నాడు.

నన్ను ఎవరూ అడగలేదు. అయినా అన్నాను: "బల్ల ఊగదు గదన్నా. మగ్గం ఊగుతది." అంటూనే ఒక కార్డు తీసి, తళతళలాడుతున్న ఒక కాలిని పట్టుకుని లాగాను. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. సీసం పలక మీదే ఉండిపోయింది, చిన్న గుంటతో.

"ఇరగ్గొట్టింది సేఠ్! ముట్టుకున్నదల్లా ఇరగ్గొడుతది!" అని అద్దాలన్న లేచాడు. సేఠ్ ముఖం గట్టిపడింది. నా కుర్చీ కాళ్లు అప్పుడే నా కింద నుంచి కదిలినట్టు అనిపించింది. నేను చేసిన కార్డు తీసి అద్దాలన్న చేతిలో పెట్టి "నువ్వు లాగు" అన్నాను. "పట్టుకారు తోని లాగు. ఇయ్యాల నీకు అడ్డం చెప్ప."

ఆయన లాగాడు. మొదటిది రాలేదు. రెండోదీ రాలేదు. మూడోదాన్ని పళ్లు బిగించి లాగితే పుటుక్కున ఊడింది. "అగో!" అని ఆయన పైకెత్తి చూపించాడు. సేఠ్ దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు తిప్పి చూశాడు. కాలు, సీసం, పలక మీది రాగి పొర, మూడూ కలిసే ఊడివచ్చాయి.

"బట్ట చినిగింది సేఠ్, ముడి ఊడలేదు," అన్నాను. మా కోడలుపిల్ల ఆ మాటను గుజరాతీలో చెప్పింది. సేఠ్ మాస్కు కింద నవ్వినట్టున్నాడు, కళ్లు చిన్నవయ్యాయి. సంచి మొత్తం నా బల్ల మీద కుమ్మరించి "ఖేంచో, బెన్" అన్నాడు.

సాయంత్రానికి తెలిసింది, కార్డుకు ఒకటో రెండో కాళ్లు సీసంలో ఊరికే కూర్చున్నాయి, పట్టలేదు. చేయి తప్పు కాదది. మాస్కులోంచి వచ్చే ఊపిరి అద్దాలన్న రెండు జతల కళ్లద్దాల మీదా ఆవిరి పట్టించేది. అంత పొగమంచులో ఆయనకు అన్నీ మెరిసినట్టే కనిపించేవి. ఆ సంగతి సేఠ్‌కు నేనే చెప్పాను. మరుసటి రోజు నుంచి ప్రతి కార్డూ నా చిటికెన వేలు దాటాకే బయటికి వెళ్లింది. మా ఆయన సంచులు విప్పి, చీపురు కట్ట మూలన పెట్టేశాడు.

అద్దాలన్న తర్వాత సూరత్ శివారు కామ్‌రేజ్‌లో సొంత దుకాణం పెట్టుకున్నాడు. అక్కడ చేసిన మొదటి కార్డు పట్టుకుని ఒకరోజు మా బల్ల దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "జర లాగి చూడు చెల్లె" అన్నాడు. అన్ని కాళ్లూ లాగాను. ఒక్కటి కూడా కదలలేదు. కానీ ఆ మాట వెంటనే చెప్పలేదు. ముఖం గంభీరంగా పెట్టి, కార్డును ఒకసారి తిప్పి, మరోసారి తిప్పి, ఆయన ముక్కు మీది అద్దాలు తీసి తుడిచి, నుదుటి మీదివి కూడా తీసి తుడిచేదాకా ఆగి, అప్పుడు చెప్పాను. ఆ మనిషిని అంతసేపు నిలబెట్టిన ఆ పొగరుబోతును, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. కొంచెమే.