కాక లెక్కపెట్టిన చేతులు

కాక చనిపోయాడన్న కబురు పిడికిలి బొమ్మతో వచ్చింది. మా బహ్రెయిన్ చదువరుల వాట్సాప్ గ్రూపులో మా కూటం అధ్యక్షుడు పెట్టాడు: ‘కడదాకా ఎర్రజెండా వదలని యోధుడు.’ ఏడవాల్సింది పోయి ఫోను బోర్లా తిప్పి పెట్టాను. ఛీ! ఆ మనిషి నోరు మూయించింది మేమే.

మేమంతా కాక అని పిలిచే ఆయనది నిజామాబాద్ వైపు. ఒక కట్టడాల కంపెనీలో స్టోరు చూసేవాడు. వయసులో ఉండగా పార్టీ కోసం జైలుకెళ్లి, ఆ తర్వాత పొట్టకూటికి ఇక్కడికొచ్చాడు. ఈసా టౌన్‌లో అధ్యక్షుడి ఫ్లాట్‌లో శుక్రవారాలు జరిగే మా చదువుల కూటానికి ఆయనే కార్యదర్శి. లేబర్ క్యాంపు నుంచి రెండు బస్సులు మారి, అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేవాడు. ఆఫీసు ఉద్యోగులం మేము సోఫాల్లో కూర్చుని విప్లవం దంచుతుంటే కింద కూర్చుని వినేవాడు. నేను గొంతు చించుకుని ప్రసంగించిన రోజున మెల్లగా అడిగేవాడు: “నువ్వన్నది నువ్వు నమ్మినవా తమ్మీ?” నాకు తెలిసిన నిజాయితీ అంతా ఆ ఒక్క ప్రశ్న పెట్టిన భిక్ష.

ఒక శుక్రవారం నోటుబుక్కుతో వచ్చాడు. పోలండు తత్వవేత్త ఒకాయన రాసినదాన్ని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాడు. ఆ పోలండాయనా కుర్రతనంలో పార్టీ మనిషే. ప్రశ్నలడిగినందుకు పార్టీ గెంటేసింది, పాఠాలు చెప్పే కొలువు ఊడింది, దేశం విడిచిపోయాడు. బయటికెళ్లి మార్క్సిజాన్ని మొదలంటా తవ్వి, జరిగిన ఘోరాలన్నీ నియంతల నెత్తినే వేస్తే కుదరదు, విత్తులోనే కొంత చీడ ఉందన్నాడు.

“నేను జైల్ల ఉన్నప్పుడు ఇది ఎవ్వలు చెప్పలేదు,” అన్నాడు కాక. “ఈయన తిడతలేడు. ఇంటోడే ఇంటిగోడ పగులు చూపెడుతున్నడు.”

రెండు వారాలు మాకు చదివి వినిపించాడు. మూడో వారం అధ్యక్షుడు ‘ఇది శత్రువుల సరుకు, ఇక్కడ చదవరాదు’ అని తీర్మానం పెట్టాడు. కార్యదర్శి గనక చేతులు లెక్కపెట్టాల్సింది కాకే. లెక్కపెట్టాడు! నేను చెయ్యి చెవిదాకా ఎత్తి గోక్కుంటున్నట్టు నటించాను.

“సక్కగ లేపు తమ్మీ, లెక్కల రాకుంట పోతవ్.”

ఎత్తాను. అంతకంటే నీచమైన పని నేను చేసి ఎరగను. ఆఖర్న ఎప్పట్లాగే “కాదన్నోళ్లు ఎవలన్నా ఉన్నరా?” అని అడిగి, తన చెయ్యి తానే ఎత్తి, ఒకటని రాసుకున్నాడు. అందరూ ఔనన్నా ఆ మాట అడగందే ఊరుకునేవాడు కాదు. “అడగకుంటె అది మీటింగ్ గాదు, భజన,” అనేవాడు.

తర్వాత కూడా వచ్చాడు, చాపలు పరిచాడు. నోటుబుక్కు మాత్రం తేలేదు. క్షమించమని అడగడానికి నాకెన్నో శుక్రవారాలు దొరికాయి. అడగలేదు.

ముహర్రక్ ఎయిర్‌పోర్టులో కాక శవపేటికను విమానమెక్కించిన వారానికి అదే ఫ్లాట్‌లో సంతాప సభ. ఎన్నడూ మా గడప తొక్కని పెద్దమనిషొకాయన, కాక కమ్యూనిస్టుల బండారం బయటపెట్టాడని చంకలు గుద్దుకున్నాడు. కాక ఆ మాటా అనలేదు. ఇటు చూసినా రోతే, అటు చూసినా రోతే. అధ్యక్షుడు లేచి తీర్మానం చదివాడు: ‘పోలండు వాడి మాటలకు కాస్త తడబడినా, తుదిశ్వాస వరకు సిద్ధాంతాన్ని శంకించలేదు.’ చేతులు లేచాయి, దిగాయి.

“ఏకగ్రీవం,” అన్నాడు. కాదన్నవాళ్లెవరని ఎవరూ అడగలేదు.

అప్పుడు ఎత్తాను చెయ్యి. చెవిదాకా కాదు, మోచెయ్యి వంచకుండా, సక్కగా.

“ఆలస్యంగా ఎత్తారేంటండీ!” అధ్యక్షుడు నవ్వాడు. “పర్లేదు, మిమ్మల్నీ కలిపేశాం. యల్లా, పదండి పదండి, బిర్యానీ చల్లారిపోతోంది.”

“ఇది కాదనే చెయ్యండీ,” అన్నాను. పళ్లేల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఎవరో నా కాళ్ల కింది చాప లాగి చుడుతున్నారు. చెయ్యి దించలేదు. లెక్కపెట్టే మనిషి లేడు.