రాణికి పరిచిన పక్క

పుంగనూరు బస్టాండులో దిగినవాళ్లు ఇంకా జట్కా కోసం చూసే రోజులవి. కొత్తగా పశువుల డాక్టరునై వచ్చిన నేను వైద్యం కంటే ముందు ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. (ఆనాటి డైరీలు తిరగేస్తే మందుల కంటే మాటలే ఎక్కువ వాడినట్టుంది.)

జట్కా తాత తన గుర్రం రాణిని నడిపించుకొచ్చాడు. తొడ మీద కొబ్బరికాయంత కంతి. తీయకపోతే బండి లాగలేదు. తాతకు ఇంకో గుర్రం లేదు. మత్తిచ్చి పడుకోబెట్టాలన్నాను. అంత బరువు ఒక పక్కకు పడితే కింది కండకు రక్తం అందదు, లేచాక ఒక్కసారిగా తిరిగొచ్చే రక్తంలోని ప్రాణవాయువే ఆ కండను లోలోపల కాల్చేస్తుంది, అందుకే పక్క మెత్తగా ఉండాలి అని వివరించాను. తాత నవ్వాడు. "ప్రాణం పోసే గాలే ప్రాణం తీస్తాదా? ఏం సదువప్పా మీది!"

నవ్వినా, మర్నాడు స్టాండులోని జట్కావాళ్లంతా పక్క మోసుకొచ్చారు. టమోటా మండీ గడ్డి, దాని మీద గోతాలు, ఆపైన తాత భార్య పాత చీరలతో కుట్టిన బొంత. "మా ఇంట్లో నాకే లేదు ఇంత పరుపు" అన్నాడొకడు. "నువ్వూ బండి లాగు, ఏస్తాం" అన్నాడు ఇంకొకడు.

కంతి చక్కగా వచ్చేసింది. రక్తం మెల్లగా తిరిగాక గుర్రం దానంతట అదే లేవాలి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. రాణి తల ఎత్తి మళ్లీ వాల్చింది. అంతే. రోడ్డు మీద పడ్డ గుర్రాన్ని జనం మూగకముందే లేపడం జట్కావాళ్ల అలవాటు. ఒకడు తోక, ఇద్దరు పొట్ట కింద, "హై రాణీ!" సబ్బు చేతులతో పరుగెత్తుకొచ్చి, గడ్డి మీద జారి రాణి మెడ కిందికే పోయాను. "డాక్టరప్పను గూడా లేపండ్రా!" అన్నారెవరో. అందరం నవ్వాం. రాణి నిలబడింది. "సూడప్పా, నిలబడుండాది!" అన్నాడు తాత.

ఆ కాళ్లు వణికాయి. కింది పక్క తొడ రాయిలా బిగిసింది. సాయంత్రానికి మళ్లీ పడింది. ఈసారి ఎవరూ లేపబోలేదు. నా మందులేవీ పనిచేయలేదు. తెల్లారి తాత ఆ బొంతనే దాని మీద కప్పాడు. "నువ్వు జెప్పిందే నిజమప్పా. నేనే నవ్వినాను" అన్నాడు. లేపకపోతే బతికేదా? ఇప్పటికీ చెప్పలేను. నా మాట నిజమైనందుకు అంతగా ఏడ్చింది మాత్రం అప్పుడే.

నాకు కుప్పం బదిలీ అయ్యేనాటికి స్టాండులో జట్కాలు లేవు. ఇప్పుడు మదనపల్లెలో పొద్దున్నే నడుం పట్టేసి మంచం మీంచి లేవలేకపోతే, మా ఆవిడ చేయి పట్టి లాగబోతుంది. "ఉండు, రక్తం మెల్లగా తిరగనీ" అంటాను. "ఇంకా ఉపన్యాసాలేనా?" అంటుంది. నవ్వుకుని, కాళ్లు కుదురుకునేదాకా మంచం పట్టె పట్టుకుని కూర్చుంటాను. "హై" అనడానికి నాకు జట్కావాళ్లెవరూ లేరు.