కిటికీ రెక్కల మీద రోమ్

రోమ్‌కు వెళ్ళాల్సింది మా అత్తమ్మ. మా భద్రాచలం చర్చి నుంచి యాత్ర అనగానే అందరికంటే ముందు పేరిచ్చింది ఆవిడే. తోడుగా నా పేరూ రాయించింది. తీరా బయలుదేరే ముందు మోకాలు మొరాయించింది. ఖమ్మంలో ఆపరేషన్ చేయించాం.

"నువ్వన్న పోయిరా బిడ్డా. గని ముక్కలు ముక్కలు ఫోటోలు తేకు. రోమ్ మొత్తం ఒక్కతాన కనపడాలె" అంది మంచం మీంచి. ఆర్డర్ వేయడానికేం, నోరుంటే చాలు.

రోమ్‌లో ఊరంతా కనిపించే గుట్ట ఒకటుంది. గైడు అక్కడికి తీసుకెళ్ళగానే ఫోన్‌లో పనోరమా పెట్టాను, ఊరంతా ఒకే పొడుగాటి ఫోటోలో వచ్చేట్టు. ఫోన్ పట్టుకుని ఎడమ నుంచి కుడికి మెల్లగా తిరగాలి. నాకేమో ఏ పనీ మెల్లగా చేయడం చేతకాదు. మొదటిసారి మాతో వచ్చిన ఒకావిడకు రెండు తలలు మొలిచాయి. రెండోసారి అటుగా పోతున్న కుక్క ఆర్టీసీ బస్సంత పొడుగు సాగింది. దాన్ని చూసి అందరం పడీ పడీ నవ్వాం. చివరికి మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, పాదాలు కొంచెం కొంచెం జరుపుతూ తిరిగాను. చర్చీల శిఖరాలు, పెంకుల ఇళ్ళు, ఓ పక్కన తెల్లటి పాలరాతి భవనం, సరిగ్గా నడిమధ్యన పేతురుగారి గుడి గుమ్మటం. అన్నీ నిటారుగా వచ్చాయి. నా అంతటిది లేదనుకున్నాను.

తిరిగొచ్చేసరికి ఇంట్లో నవ్వే పరిస్థితి లేదు. నడవకపోతే మోకాలు అట్లాగే బిగుసుకుపోతుందని డాక్టర్ గట్టిగా చెప్పాడట. అత్తమ్మ మంచం నుంచి కుర్చీ దాకా తప్ప అడుగు వేయడం లేదు. కొత్త వాకర్ మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

"నడిచి యాడికి పోవాలె? పోవాల్సిన తాన పోనేలేదు" అనేది. బతిమాలాను, కసిరాను. రాత్రింబవళ్ళు గిలకలా తిరిగిన మనిషి ఇక మంచానికే అంకితమైపోతుందేమోనని నాకు నిజంగా భయం వేసింది.

ముందు మనసన్నా కుదుటపడనీ అని, ఆ ఫోటోను ఆవిడ మంచం ఎదుటి గోడకు సరిపడా స్టిక్కర్‌గా వేయించాను. గోడ కొలతలు తీసింది మా ఆయన. గోడకు కిటికీ ఉందన్న సంగతి ఆయన లెక్కలో లేదు. స్టిక్కర్ అతికించే అతను రోమ్‌ను పరిచి చూస్తే గుమ్మటం సరిగ్గా కిటికీ మీదికొచ్చింది.

"గుమ్మటం కోసెయ్యాల్నా మేడమ్?" అన్నాడు.

"అది కోస్తే ఇంక రోమ్ ఏముంటది? ఆ తలుపుల మీదనే వెయ్" అని అత్తమ్మ మంచం మీంచే తీర్పు చెప్పింది. అతను బయటికెళ్ళి, రెండు చెక్క రెక్కల లోపలి వైపు చెరో సగం అతికించి మూశాడు. రోమ్ పూర్తయింది. కాకపోతే కిటికీ ఊచల వెనక గుమ్మటం జైల్లో పడ్డట్టుంది. అత్తమ్మ శిలువ గుర్తు వేసుకుని అట్లా చూస్తూనే ఉంది. కానీ మంచం మాత్రం దిగలేదు.

ఆ కిటికీ అవతల పక్కింటామె అరుగు. ఆమెది చర్ల అవతలి అడవిలో ఊరు, ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఆమె దేవుళ్ళు వేరు, పండుగలు వేరు. అయినా డ్యూటీ దిగగానే ఆ కిటికీ దగ్గర నిలబడి అత్తమ్మతో ముచ్చట పెట్టందే ఇంట్లోకి పోదు. మర్నాడు సాయంత్రం రెక్కల మీద దబదబా కొట్టింది.

"ఏంది అక్కా, కిటికీ బందు పెట్టినవ్? నా మీద కోపమొచ్చిందా?"

అత్తమ్మ గుమ్మటం వైపు చూసింది, నా వైపు చూసింది. "తెరువ్ బిడ్డా" అంది.

"గుమ్మటం పోతది అత్తమ్మా."

"పోతే పోనీ తియ్. మనిషిని బయట నిలబెడ్తమా?"

ఊచల సందుల్లోంచి రెక్కలను తోశాను. అవి బయటికి తెరుచుకుని కిటికీకి చెరో పక్క గోడకు ఆనాయి. అటు సగం ఇటూ, ఇటు సగం అటూ అయి, గుమ్మటం మొత్తం పక్కింటి వైపు తిరిగింది. ఆమె వెనక్కి జరిగి నోరు తెరిచింది.

"అబ్బో! గిదేంది అక్కా?"

"పేతురుగారి గుడి చెల్లె. రోమ్‌ల ఉంటది."

"మా అరుగు మీంచి మస్తు కనపడుతంది. నీకు?"

"నాకేడిది, నేను లోపలున్న గద."

"మరి ఇటు రారాదు? చాయ్ పెడత, కూసోని చూద్దువు."

అత్తమ్మ కాళ్ళు మంచం కిందికి దించింది. తర్వాత, "ఆ వాకర్ ఇటియ్" అంది.

పట్టుకోబోతే నా చేయి విదిలించింది. గడప దాటింది, మెట్టు దిగింది, ఇంటి మూల దగ్గర ఆగి రొప్పింది, మళ్ళీ కదిలింది. పక్కింటామె ఎదురొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. నేను లోపలికి పరుగెత్తి కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను. సంతోషానికి ఏడుపొచ్చేసింది.

అత్తమ్మ కొంగుతో చెమట తుడుచుకుని, చాయ్ గ్లాసు అందుకుని, కళ్ళు చిట్లించింది.

"నువ్వు జర పక్కకు జరుగు బిడ్డా" అని కేకేసింది. "రోమ్ దాక నడిచొస్తే నడుమ నీ తలకాయే కనపడుతంది!"